గుండు మొరాయించిన పూట

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో, వికారాబాద్, తాండూరు వైపు బడులకు వెళ్లే బృందంలో నన్ను వేశారు. మాది యూనివర్సిటీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు. నా హోదా ల్యాబ్ అటెండర్. పరికరాలు తుడవడం, సర్దడం, పిల్లలు వచ్చేసరికి బల్లమీద పెట్టి ఉంచడం నా పని. నా పైన ల్యాబ్ అసిస్టెంట్, ఆయన పైన టెక్నీషియన్, ఆ పైన ప్రొఫెసర్లు. మా ఆయన పోయాక ఆయన బదులు నన్ను తీసుకున్నారు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఫిజిక్స్ నాకు రాదు గానీ, ఏ పరికరం ఏ పెట్టెలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

డిగ్రీలో ఫిజిక్స్ తీసుకునే పిల్లలు తగ్గిపోతున్నారని, పదో తరగతి వాళ్ల దగ్గరికి మమ్మల్నే వెళ్లమన్నారు. బడిలో ప్రయోగాలు చూపించాలి. ఆసక్తి ఉన్నవాళ్లను వికారాబాద్‌లో మూడు రోజుల శిబిరానికి పిలవాలి. ఇంట్లోవాళ్లు సరేనంటేనే శిబిరం, అందుకని వాళ్లనూ బడికి రమ్మనేవాళ్లం. మా బృందానికి పెద్ద వసంత మేడం. ఆవిడ అసోసియేట్ ప్రొఫెసర్.

ఆ రోజు బషీరాబాద్ దగ్గర ఒక ఊరి బడికి వెళ్లాం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. నాపరాళ్ల నేల చెమట పట్టినట్టు ఉంది. వ్యాన్‌లోంచి పెట్టెలు దించుతుంటే రేష్మ అనే పదో తరగతి పిల్ల నా వెంటే తిరిగింది. "ఇదేంది అమ్మా? గిది ఎందుకు మెరుస్తది? ముట్టుకుంటే షాక్ కొడ్తదా?" ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పేలోపు ఇంకోటి తయారు.

వాళ్ల నాన్న ఖాజా మియాది బడి ఎదురుగా దర్జీ దుకాణం. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు. శిబిరం సంగతి మేడం చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

"నా కొడుకు అఫ్జల్‌ను ఫిజిక్సే మింగింది మేడం. తాండూర్‌ల ఇంటర్ ఎంపీసీల ఏసిన. అన్ని పాసైండు, గా ఒక్కదాంట్ల తప్పిండు. ఇప్పుడు నాకాడ కాజాలు కుడ్తుండు. ఇంకో పిల్లను గూడ దాని నోట్లనే పెట్టమంటరా?"

రేష్మ తల దించుకుంది. ఆ పిల్ల శిబిరమూ, ఆ తర్వాత ఎంపీసీ చదువూ ఆ మాటతో అయిపోయినట్టే అనుకున్నాను. మేడం వాదన పెట్టుకోలేదు. ప్రయోగం చూసి వెళ్లమని మాత్రం అడిగారు.

మొదటిది వాన్ డి గ్రాఫ్ యంత్రం. నిలువు ప్లాస్టిక్ పైపు మీద బోలు లోహపు గుండు, పైపు లోపల రబ్బరు బెల్టు; కింద పిడి దగ్గర ఆ బెల్టు బయటికి కనిపిస్తుంది. చేత్తో పిడి తిప్పితే బెల్టు తిరిగి, విద్యుత్తు పైన గుండులో చేరుతుంది. మేం అటెండర్లం దాన్ని గుండు అనే పిలిచేవాళ్లం. గుండుకు అంటించిన సన్నటి కాగితపు పీలికలు పువ్వు విచ్చుకున్నట్టు పైకి లేవాలి. నేను పిడి తిప్పాను. ఒక్క పీలిక కూడా కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పాను.

"అమ్మా, జర పైలం! చెరుకు రసం వస్తదేమో!" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. గది గదంతా నవ్వింది.

ఖాజా మియా కూడా నవ్వాడు. "యూనివర్సిటోళ్లకే రాలే," అని వెళ్లబోయాడు.

మేడం పిల్లల వైపు తిరిగి, ఎందుకు కాలేదో మీరే చెప్పండి అన్నారు. రేష్మ లేచి బెల్టు వదులుగా ఉందంది. మేడం బిగించమంటే బిగించి తిప్పాను. కాలేదు.

"తప్పు జెప్పినవ్ బిడ్డా, ఇగ కూసో," అన్నాడు గుమ్మంలోంచి తండ్రి.

"కూర్చోవద్దు," అన్నారు మేడం. "బెల్టు వదులు కాదని తేలింది కదా. ఇంకేమై ఉంటుంది?"

కాగితం బరువెక్కువైందని ఒక పిల్లవాడన్నాడు. ఇంకా సన్నంగా చించి అంటించాం. అదీ కాదు. అప్పుడు రేష్మ బెల్టును చేత్తో తడిమి చూసి, "చెమ్మ మేడం! మా దుకాణంల బట్ట గూడ వానాకాలం గిట్లనే సల్లగ తగుల్తది," అంది.

అయితే ఆరబెట్టి చూద్దామన్నారు మేడం. మా డ్రయ్యరు ఆ రోజు ఇంకో బృందంతో వికారాబాద్ వెళ్లింది. రేష్మ గుమ్మంలో ఉన్న తండ్రి దగ్గరికి పరుగెత్తింది. "అబ్బా, ఇస్త్రీ పెట్టె తెప్పియ్యవా?"

"బొగ్గులది మేడం. మీ మిషన్ కాలితే నాది జిమ్మేదారి గాదు," అంటూనే దుకాణం వైపు కేకేశాడు. అఫ్జల్ నిప్పులున్న ఇస్త్రీ పెట్టెను ఊదుకుంటూ తెచ్చాడు. బెల్టుకు తగలకుండా జానెడు దూరంలో పట్టుకుంటే, నేను పిడిని మెల్లగా తిప్పాను. బెల్టు ఆరింది. అయినా పీలికలు లేవలేదు.

"సాలు తియ్, ఇగ పోదాం పా," అన్నాడు తండ్రి.

అఫ్జల్ కదల్లేదు. నేల చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు: "పైపు గూడ తడిగనే ఉంది. కరెంటు దానెంబడి కిందికి దిగిపోతుందేమో." అనేశాక తండ్రి వైపు చూసి, "నాకు పక్కాగ తెల్వది," అన్నాడు.

"నాకూ తెలియదు, చూద్దాం," అన్నారు మేడం. చెల్లెలికి చెప్పిన గొంతుతోనే అతనికీ చెప్పారు. పైపును పొడిగుడ్డతో తుడిచి, చుట్టూ సెగ చూపించాం. నేను మళ్లీ పిడి తిప్పాను. పీలికలు ఒకటొకటిగా లేచి, అన్నీ నిటారుగా నిలబడ్డాయి. పిల్లలు బల్లలు ఎక్కి కేకలు పెట్టారు. రేష్మ వాళ్లన్న భుజం మీద ఒక్క చరుపు చరిచింది.

ఖాజా మియా చప్పట్లు కొట్టలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి మేడం దగ్గరికి వచ్చాడు.

"ఇన్నిసార్లు తప్పు జెప్పిండ్రు. ఒక్కల్ని గూడ తిట్టలే మీరు."

"తిడితే తర్వాతది ఎవరు చెప్తారండీ?" అన్నారు మేడం.

ఆయన మెడలోని టేపును తీసి చేతికి చుట్టుకున్నాడు. "మా ఇంట్ల ఒక్కసారి తప్పంగనే సదువు బంద్ వెట్టిన," అన్నాడు. పిల్లను పంపుతానని గానీ, పంపనని గానీ చెప్పలేదు.

శిబిరం మొదటి రోజు వికారాబాద్‌లో తాండూరు బస్సు దిగి రేష్మ వచ్చింది. వెనకాలే సంచి పట్టుకుని అఫ్జల్. శిబిరం పదో తరగతి వాళ్లకే కదా అని నేను మేడంను అడిగాను. కూర్చోనివ్వమన్నారు. మూడు రోజులూ చెల్లెలి పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత సప్లిమెంటరీ రాసి మళ్లీ తప్పాడట. ఇంకోసారి ఫీజు కట్టింది తండ్రేనని రేష్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సారి పాసయ్యాడు. రేష్మ ఇప్పుడు డిగ్రీలో ఫిజిక్స్ చదువుతోంది.

అంతవరకు మా పద్ధతి ఒకటే. ల్యాబులో చేసి చూసి, పనిచేసిన పరికరమే వ్యాన్ ఎక్కేది. ఆ ఏడాది నుంచి ముందుగా చేసి చూడని ప్రయోగం ఒకటి తప్పకుండా పెట్టమన్నారు మేడం. రిటైరయ్యేదాకా అలాగే పెట్టాను. పనిచేసిన ప్రయోగాలకు పిల్లలు చప్పట్లు కొట్టి కూర్చునేవారు. పనిచేయని దాని దగ్గరికి లేచి వచ్చేవారు. శిబిరానికి పేర్లిచ్చింది ఎక్కువగా ఆ లేచి వచ్చినవాళ్లే.