కూర్మమ్మ, నీళ్ళందని యంత్రం

“మళ్ళీ విరేచనాలు పట్టుకుంటే ఈసారి పిల్ల దక్కదు పిన్నీ! ఈ మిషను ఇవాళే మొరాయించాలా?”

శ్రావణి వంటింట్లో, గిన్నెలు కడిగే యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. యంత్రం నుదుట ఎర్రగా ‘ఇ1’ అని వెలుగుతోంది, ఆరుతోంది. గడప అవతల ఆమె కూతురు ఉషను చంకనెత్తుకుని నిలబడ్డ కూర్మమ్మ మెడ చాచి చూసింది.

“ఏటంటాదే అది?”

“నీళ్ళు అందట్లేదంటోంది.”

“దానికీ దాగమేనేటి! సెంబుడు నీల్లతో తోమేసే గిన్నెలకి దీనికెన్ని నీల్లు ఎట్టాలే అమ్మీ?”

శ్రావణికి నవ్వు రాలేదు. మొన్నటి వానల్లో ఉషకు నీళ్ళ విరేచనాలు పట్టుకుని, ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నరం దొరక్క, అరికాలు దాకా వెతికారు. ఆ ఏడుపు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషి, ఇంట్లో మాత్రం కంటికి కనబడని క్రిముల మీద ఒంటరి యుద్ధం చేస్తోంది. సలసల కాగే నీళ్ళతో పాలసీసాలు, గిన్నెలు కడుగుతుందని భర్త మోహనకృష్ణ ఈ యంత్రం కొన్నాడు. అది ఆగితే తన చేతుల మీద ఆమెకు నమ్మకం లేదు.

కూర్మమ్మది పక్క వాటా. పుట్టింది నౌపడ అవతల సముద్రపొడ్డు పల్లెలో. మొగుడు పోయాక రాజాం చేరి, తెల్లారకుండానే చేపల గంపతో వీధులు తిరిగి, ఎండ ముదిరేలోగా అమ్ముకొచ్చేస్తుంది. బేరంలో ఎవరికీ లొంగదు. “ఈ సేప నిన్నటిది కదా” అన్నవాళ్ళతో “మరి నువ్వు ఎప్పటిదానివేటి?” అనగలదు. అలాంటి మనిషి శ్రావణి భయాన్ని మాత్రం ఏనాడూ వెక్కిరించలేదు. గంప దించగానే చింతపండుతో మోచేతుల దాకా తోముకుని, చీర మార్చుకుని, అప్పుడే వచ్చి పిల్లను ఎత్తుకుంటుంది. “నీ బయం నీది. నా సేతులు కడిగితే అరిగిపోవు గదా” అంటుంది. ఉష కూడా ఆమె చంకలో ఉంటే తల్లి కేసి తిరిగి చూడదు.

శ్రావణి ప్లగ్గు పీకేసి, యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచింది. నీళ్ళు రాకపోవడానికి కారణాలు ఒకటొకటిగా చూడాలి. ముందు కుళాయి తిరిగి ఉందో లేదో చూసింది. ఉంది. గొట్టం ఎక్కడైనా మడత పడిందేమోనని వంటగట్టు కింది నుంచి యంత్రాన్ని ముందుకు లాగింది. మడత లేదు. సింకు కింది అరలో తల దూర్చి, కుళాయి దగ్గర గొట్టం విప్పింది. దాని మూతిలోని చిన్న జల్లెడకు తుప్పు పట్టి ఉంది. పాత బ్రష్షుతో రుద్ది కడిగింది. పగుళ్ళిచ్చిన నల్లటి రబ్బరు రింగు తీసి పక్కన పడేసి, కొత్తది వేసింది. బిగించే ముందు కుళాయి కింద బకెట్ పెట్టి తిప్పి చూస్తే, నీళ్ళు దారంలా కారుతున్నాయి.

“మిషను మంచిదే పిన్నీ. పైన ట్యాంకులోనే నీళ్ళు లేవు.”

“పొద్దున్న మోటారు ఏసేవు గదా?”

“వేశాను. మరి ఎక్కలేదు.”

పెరట్లో మోటారు స్విచ్చి వేస్తే ఊరికే గుయ్యిమంటోంది. గాలి పట్టేసింది. కిందటి సాయంత్రమే మునిసిపాలిటీ నీళ్ళు వదిలారు కాబట్టి సంపు నిండుగా ఉండాలి. కూర్మమ్మ పిల్లను చంకన పెట్టుకునే ఒక చెయ్యి సాయం పట్టింది. ఇద్దరూ కలిసి సంపు మీది ఇనుపరేకు పక్కకు జరిపారు. లోపల నీళ్ళు నల్లగా, నిండుగా ఉన్నాయి. శ్రావణి చేద వేసి నీళ్ళు తోడి, మోటారు బిరడా విప్పి పోసింది. అది గుళగుళమంది. మళ్ళీ పోసింది, బిరడా బిగించి స్విచ్చి వేసింది. ఈసారి మోటారు గొంతు మారింది. పైకి వెళ్ళే పైపు మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది.

“ఎక్కుతున్నాయి!” అంటూ శ్రావణి తడి చేతులతోనే లోపలికి పరుగెత్తింది. పిల్లతో సహా కూర్మమ్మ వెనకే వచ్చింది.

శ్రావణి మళ్ళీ సింకు కింద తల దూర్చి గొట్టం బిగించింది. ప్లగ్గు పెట్టి, మీట నొక్కి, ఊపిరి బిగబట్టుకుని వింది. కాసేపటికి యంత్రం కడుపులో నీళ్ళు జలజల పడ్డాయి. ఎర్రటి అక్షరం పోయింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

“పిన్నీ! వచ్చాయి నీళ్ళు!”

వెనక్కి తిరిగితే గడపలో ఎవరూ లేరు. ముందు గదిలోంచి బయటికి వచ్చి చూస్తే, కూర్మమ్మ గేటు దగ్గర ఐసుబండి వాడి నుంచి చేపలకు వేసే ఐసు పెట్టె అందుకుంటోంది. రెండు చేతులతో.

“పాప ఏది పిన్నీ?”

“నీకాడే దింపేను గదా. వంటింటి గడపలో.”

“నా దగ్గరా? నేను నీ చంకలోనే ఉందనుకున్నాను!”

ఇద్దరి తలలూ ఒక్కసారే పెరటి వైపు తిరిగాయి. వంటింట్లోంచి పెరటికి ఒకే ఒక్క మెట్టు. ఉష ఆ మెట్టు దిగడం నేర్చుకుని ఎంతో కాలం కాలేదు. ఇనుపరేకు ఇంకా పక్కనే ఉంది.

ఐసు పెట్టె నేల మీద భళ్ళుమంది.

శ్రావణి సంపు అంచున బోర్లా పడి లోపలికి చూసింది. నీళ్ళు కదలడం లేదు. రాయి పడితే అలలు ఎలా పుట్టి ఎలా అణుగుతాయో బోర్డు మీద గీసి చెప్పే మనిషి, ఆ నిశ్చలం చూసి ఏమనుకోవాలో తెలియక గడ్డకట్టుకుపోయింది. ఎవరూ పడలేదు కాబట్టి కదలడం లేదా? పడి చాలాసేపయింది కాబట్టి కదలడం లేదా?

“లెగు! లెగవే!” కూర్మమ్మ ఆమెను భుజం పట్టి పక్కకు లాగేసి, చీరతోనే సంపులోకి దిగిపోయింది. నీళ్ళు ఆమె మెడ దాకా వచ్చాయి. కాళ్ళతో అడుగంతా తడిమింది. తల ముంచింది. పైకి లేచి, ఊపిరి పీల్చి, మళ్ళీ ముంచింది. ఆ మునిగిన కాసేపూ పెరట్లో మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు.

“నేదు! ఇందల నేదు! లోపల సూడు!”

శ్రావణి లోపలికి పరుగెత్తింది. గదిలో లేదు. మంచం కింద లేదు. వంటింట్లో యంత్రం తన పాటికి తాను తిరుగుతోంది. దాన్ని వెనక్కి నెట్టి గట్టు కింద సర్దేద్దామని అంతకుముందే అనుకుంది. కూర్మమ్మను పిలవడానికని ఆ పని ఆపింది, అంతే. ఇప్పుడు వంగి ఆ సందులోకి చూసింది.

గోడకూ యంత్రానికీ మధ్య ఉష కూర్చుని ఉంది. వెచ్చగా అదురుతున్న రేకుకు వీపు ఆనించి, తీరిగ్గా ఏదో నములుతోంది. శ్రావణి బయటికి లాగి నోట్లో వేలు పెట్టి తీసింది. పగిలిన నల్లటి రబ్బరు రింగు. నోట్లోది లాక్కున్నందుకు ఉష ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. ఆ ఏడుపు విన్నాక శ్రావణి పిల్లను ఒళ్ళో వేసుకుని గోడకు చేరబడి కూర్చుంది.

కూర్మమ్మ నీళ్ళోడుతూ గడప దాకా వచ్చి ఆగింది. మునిసిపాలిటీ నీళ్ళో కన్నీళ్ళో ముఖం మీద తేడా తెలియలేదు. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి, మోటారు ఆపి, ఒక్కతే రేకు ఈడ్చి సంపు మూసి, అప్పుడు వచ్చి కూర్చుంది. చేతులు చాచింది గానీ పిల్లను ముట్టుకోలేదు.

“తప్పు నాదే అమ్మీ. నువ్వు కల్లెదురుగానే ఉన్నావని దింపేసేను.”

“రేకు వదిలేసి పరుగెత్తింది నేను కాదా పిన్నీ?”

కూర్మమ్మ తన కుడిచేతి రెండు వేళ్ళు ముడిచి చూపించింది.

“మా మావకి ఈ రెండేల్లూ ఉండేవి కావు. పెద్దవల ఒడ్డుకి లాగుతన్నప్పుడు తాడు ఒకడి సేతిలోంచి ఇంకోడి సేతికి పోతాది. ఆవేల ఇచ్చినోడు ‘ఈడు పట్టుకున్నాడులే’ అనుకున్నాడు. మా మావ ‘ఆడింకా ఒదల్నేదులే’ అనుకున్నాడు. కెరటం ఎనక్కి లాగింది. తాడు ఏల్లు కోసుకుంటా ఎల్లిపోయింది. అప్పుటినుంచి మా ఒడ్డున నోరు మూసుకుని తాడు ఇచ్చేవోడు ఒక్కడూ నేడు. అంతా తెలిసీ, ఊరొదిలొచ్చి మరిసిపోనాను సూడు.”

ఆమె దగ్గరకు జరిగింది. “తే, ఇలగియ్యి. ‘ఇచ్చేను’ అను.”

“ఇచ్చాను” అంది శ్రావణి. పిల్లను ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉంది.

“అందింది. ఇప్పుడొదులు.”

ఆ రాత్రి మోహనకృష్ణకు ఉషను ఇస్తూ శ్రావణి అలాగే అంటే అతను నవ్వాడు. జరిగింది చెప్పాక నవ్వలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో పిల్ల చేతులు మారిన ప్రతిసారీ రెండు మాటలు వినబడతాయి. సీసాలు చేత్తో కడగాల్సి వచ్చినా శ్రావణి మునుపటంత బెదరడం లేదు గానీ, ఈ రెండు మాటల దగ్గర మాత్రం ఆమె ఎవరినీ వదలదు. కూర్మమ్మ చెప్పింది చెప్పినట్టే పాటిస్తుంది:

“కల్లెదురుగా ఉన్నా సరే, నోరిప్పి ఇచ్చేననాల. అవతలోలు అందిందనీదాకా సెయ్యి ఒదలకు.”