మంజులను నేను

దయ్యం పట్టింది, గాలి సోకింది అని ఎవరన్న అంటే ముందు నవ్వేది నేనే. జహీరాబాద్‌ల ఒక ల్యాబ్‌ల రక్త పరీక్షలు చేస్త. మనిషికి ఏమైనా దానికో కారణం ఉంటదని నమ్మినదాన్ని. ఇప్పటికీ గట్లనే నమ్ముదామని చూస్తున్న.

పోయిన ఎండకాలం మా అక్క సరోజకు గాల్‌బ్లాడర్ల రాళ్లుంటే ఆపరేషన్ అయింది. అక్క వాళ్లది ఝరాసంగం. టౌన్‌ల ఉండేది నేనే గాబట్టి దవాఖానల తోడు కూసున్న. పగటి అన్నం యాళ్లకు అక్కను వార్డుకు తెచ్చిన్రు. బావ మందులు తెద్దామని కిందికి పోయిండు.

అక్క కండ్లు తెరిచింది. ఇంట్ల దూరిన దొంగను చూసినట్టు నన్ను చూసింది.

"నా మొఖం పెట్టుకొని కూసున్నవ్, ఎవరే నువ్వు?"

"నేనక్కా, మంజులను."

"మంజులను నేను. నా ఒళ్లు నాకియ్యి."

నా చెయ్యి పట్టుకొని గోర్లు దింపింది. మత్తు దిగేటప్పుడు కొందరు గిట్ల మాట్లాడుతరని నాకు ఎరుకే. నర్సును పిలుద్దామని లేవబోయిన.

"న్యాల్‌కల్‌ల మామ కంది చేన్ల పండుకున్నది నేను. అందరు పిలుస్తుంటే పలకలే. పలకకపోతే నేను ఉన్నట్టా, లేనట్టా అనుకున్నది నేను. గా సంగతి సుత నీదేనంటవా?"

లేవబోయినదాన్ని మళ్ల కూసున్న. అది నాకు ఏడేండ్లప్పటి సంగతి. అప్పుడు అక్క న్యాల్‌కల్‌ల లేనే లేదు, అమ్మవారు పోసి మా ఇంట్ల ఉండె. చేన్ల పండుకొని నేనేం అనుకున్ననో మా అమ్మకు చెప్పలే, నా మొగనికి చెప్పలే.

గంతల బావ వచ్చిండు. అక్క నా దిక్కు వేలు చూపిచ్చింది.

"బావా, దీన్ని బయటికి ఎల్లగొట్టు. అక్కను నేను చూసుకుంట."

పెండ్లయి ఇన్నేండ్లల్ల అక్క ఆయనను ఒక్కసారి బావా అనలేదు. అది నా పిలుపు. ఆయన నా మొఖం చూసిండు, నేను ఆయన మొఖం చూసిన.

నర్సు సూది వేసింది. సాయంత్రం లేచి, "మంజులా, జర నీళ్లియ్యవే" అన్నది అక్క. ఏం అన్నదో ఏదీ యాదికి లేదు. కంది చేను గురించి అడిగితే, "ఏ చేనే?" అని ఎదురడిగింది.

అదంత మత్తు వల్లనే అన్నడు డాక్టరు. కావచ్చు. నేను ఎవ్వరికీ చెప్పని మాట మత్తుకు ఎట్ల తెలిసింది? ఇయ్యాల్టికి నాకు సమజ్ కాలేదు.

ఇంకొకటి ఉన్నది. అంతకుముందు చేన్ల పండుకున్న ఆ రోజు యాదికొస్తే, మీద కంది కొమ్మలు, కొమ్మల నడుమ ఆకాశం కనబడేది. ఇప్పుడు సాళ్ల నడుమ పండుకున్న పిల్ల కనబడుతది. నేను పక్కన నిలబడి చూస్తుంట. మంజులా అని పిలుస్త.

పలుకదు.