నల్లకడుపు పక్షి

కరోనా వచ్చి సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయిన ఎండాకాలం, నా చిన్నతనంలో నేను బాగా కుళ్ళుకున్న కాలం. ఊరికి ఆ చివర ఉధ్నాలో ఉండే మా చిన్నమ్మ జబ్బుపడి ఆసుపత్రిలో చేరితే, నాన్న ఆమె కూతుర్ని అమ్రోలిలోని మా ఇంటికి తీసుకొచ్చాడు. నాకంటే కొన్ని నెలలే చిన్నది. అమ్మ మొదటి రొట్టె దానికే పెట్టేది, దాన్నే పక్కలో పడుకోబెట్టుకునేది. "జర ఓర్చుకో బిడ్డా" అని నాతో అన్నప్పుడల్లా నా కడుపు మండిపోయేది.

పై అంతస్తులో కాలేజీ చదివే అక్క ఉండేది. డాబా మీద నుంచి బైనాక్యులర్‌తో తాపీ నదిలోని ఇసుక దిబ్బను చూసేది. అక్కడ గుడ్లు పెట్టిన టెర్న్ అనే నీటిపక్షులను మాకూ చూపించింది. ఒకే కుటుంబంలోని రెండు జాతులు. రెండింటికీ చీలిన తోక, నెత్తిన టోపీలా నలుపు. పెద్దదానిది పసుపు ముక్కు, బూడిదరంగు రొమ్ము. చిన్నదానిది నారింజ ముక్కు, నల్లటి కడుపు.

"రెండూ తక్కువైతున్నయి. ఇసుక తవ్వుకపోతున్నరు, గుడ్లేమో కుక్కలు తింటున్నయి. నల్లకడుపుదైతే ఇంకా తక్కువ" అంది అక్క. బైనాక్యులర్ మాత్రం ముందు చెల్లికే ఇచ్చింది.

"పెద్దది నాది" అన్నాను వెంటనే.

అక్క నవ్వింది. "సరే. కానీ రేపు నువ్వు దాని పక్షి గురించి చెప్పాలె, అది నీ పక్షి గురించి చెప్తది."

నాకూ అదే కావాలి. మర్నాడు వంకలు పెట్టడానికే నల్లకడుపు పక్షిని చూస్తూ కూర్చున్నాను. మండుటెండలో అది మాటిమాటికీ గుడ్లను వదిలి పోతోంది. దొరికింది అనుకున్నాను. తీరా చూస్తే నీళ్ళ మీదికి వెళ్ళి, కడుపు తడుపుకొని, మళ్ళీ వచ్చి గుడ్ల మీద కూర్చుంటోంది. చూసింది చూసినట్టే చెప్పాను.

"గుడ్లు సల్లగుండాలని" అంది అక్క.

చెల్లి ఇసుక దిబ్బ వైపే చూస్తూ, "నాకు జొరమొస్తే మా అమ్మ గిట్లనే తడిబట్ట ఏస్తుండె" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "నిన్ను చూస్తే నాకు కుళ్ళు పుడ్తది. మీ అమ్మ ఇంట్లనే ఉంది" అంది.

నేను దగ్గరికి జరిగి కూర్చున్నాను. అది కళ్ళు తుడుచుకొని నా పక్షి గురించి చెప్పడం మొదలుపెట్టింది. దిబ్బ మీదికి కుక్క వస్తే పెద్దవీ చిన్నవీ కలిసి దాని నెత్తి మీదికి దూకి తరిమేశాయట.

వానలకు ముందే చిన్నమ్మ కోలుకుంది. చెల్లి వెళ్ళిపోయిన రోజు అమ్మ పక్క నాకే దక్కింది, కానీ నిద్ర పట్టలేదు.

ఆ కరోనా కాలం దాటి నలభై ఏళ్ళయి, తల నెరిసినా నాలో అసూయ పోలేదు. తోడికోడలి ఇల్లు చూసినా, స్నేహితురాలి పిల్లల వైభోగం విన్నా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అప్పుడు వాళ్ళింటికే వెళ్ళి ఓ పూట కూర్చుంటాను. వాళ్ళు చెప్పుకునే కష్టసుఖాలు వింటాను. తిరిగొచ్చేటప్పటికి ఆ మంట చాలావరకు ఉండదు.