సీనాయి కొండకు సున్నా

మా అక్క కూతురు సీనాయి కొండ గురించి నిజం చెప్పినందుకు మా మందిరంలో దానికి సున్నా వేశారు. కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారేలా లేదు. అందుకే కోపంగానే రాస్తున్నాను.

చోడవరంలో మా సంఘం చిన్నది. ఏటా పరీక్షలు అయ్యాక మేమూ, బుచ్చయ్యపేట వాళ్లూ, కె.కోటపాడు వాళ్లూ కలిసి పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టుకుంటాం. ఆ ఏడు మా వంతు వచ్చింది. మందిరం ముందు షామియానా వేశారు. బజర్లు కొనే స్తోమత మాకు లేదు గనక ఒక్కో జట్టు ముందు స్టీలు పళ్లెం, గరిటె పెడతాం. ముందు ఎవరు మోగిస్తే జవాబు చెప్పే అవకాశం వాళ్లది. గెలిచిన జట్టు విశాఖపట్నంలో జరిగే పెద్ద క్విజ్‌కు వెళ్తుంది. మా గుంట, అదే మా అక్క కూతురు, తొమ్మిదో తరగతి పూర్తి చేసింది. ఇశ్రాయేలు రాజుల పేర్లు మేనమామల పేర్లు చెప్పినంత సులువుగా చెప్పేది. విశాఖపట్నం వెళ్లి అంతమంది ముందు మైకు పట్టుకోవాలని దాని ఆశ.

దానికి చదువు చెప్పింది నేనే. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. వాక్యాలు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. అట్లాసు నేలమీద పరిచి, ఇదిగో ఈ ఊరు ఇక్కడ ఉంది, ఇది తవ్వారు, దీన్ని ఇంకా వెతుకుతున్నారు అని చెప్పేదాన్ని. దానికి ఆ తేడా తెగ నచ్చేసింది. ఏ ఊరి పేరు వచ్చినా ముందు అదే అడిగేది.

“పిన్నీ, ఇది తెలిసిందా, తెలీందా?”

యెరూషలేము, బేత్లెహేము దగ్గర గొడవ లేదు, ఆ ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. యెరికో ఊరు దొరికింది గాని, బైబిల్లో చెప్పిన దాని గోడలు ఎప్పుడు కూలాయన్న దాని మీద తవ్వినవాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. సీనాయి కొండ ఏదో మాత్రం ఎవరికీ తెలియదు. ఈజిప్టు వైపు ఒక కొండ కింద సన్యాసులు వందల ఏళ్ల నుంచి మఠం కట్టుకుని ఇదే ఇదే అంటున్నారు. అది కాదు, ఆ ఎడారిలోనే ఇంకోటి అనేవాళ్లున్నారు. సముద్రపు పాయ దాటి సౌదీలో ఉందనేవాళ్లూ ఉన్నారు. మోషే వెంట ఈజిప్టు విడిచిన అంతమంది జనం అన్నేళ్లు గుడారాలు వేసుకుని తిరిగితే ఎక్కడో ఓచోట కుండపెంకులైనా మిగలాలి కదా, అలాంటివి ఇంతవరకు దొరకలేదు. ఇదంతా దానికి చెప్పాను. నమ్మడానికి మనకు కొండ అడ్రసు అక్కర్లేదని కూడా చెప్పాను. మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు టీ తాగుతూ “మీ మోషే కొండ దొరికిందేటి టీచరుగారూ?” అని వెటకారం చేస్తే, “దొరకలేదండీ. దొరక్కపోతే మీకేటి ఇబ్బంది?” అని నవ్వేసే మనిషిని నేను. బయటివాళ్ల వెటకారం నన్ను ఎప్పుడూ బాధపెట్టలేదు.

క్విజ్ ఆఖరి రౌండుకి వచ్చేసరికి మా జట్టూ కోటపాడు జట్టూ సమానంగా ఉన్నాయి. ప్రశ్నలు అడిగేది మా పాస్టరుగారు. ఆయన ప్రశ్నా జవాబూ రెండూ ఫోన్లో చూసుకుంటున్నారు.

“మోషేకి దేవుడు పది ఆజ్ఞలు ఇచ్చిన సీనాయి కొండ ఈరోజు ఏ దేశంలో ఉంది?”

మా గుంట పళ్లెం మోగించింది. లేచి నిలబడి, గరిటె చేతిలోనే పట్టుకుని చెప్పింది.

“కచ్చితంగా తెలీదు అయ్యగారూ. ఈజిప్టు అని కొందరు, సౌదీ అరేబియా అని కొందరు అంటారు. తవ్వకాల్లో ఏదీ రుజువవలేదు.”

నా ఒళ్లు పులకరించింది. ఇంతకన్నా మంచి జవాబు నా డిగ్రీ క్లాసులో కూడా ఎవరూ చెప్పి ఉండరు.

“ఒక్కటే చెప్పాలమ్మా,” అన్నారు పాస్టరుగారు.

“ఒక్కటే సెప్తే అబద్ధం అయిపోద్ది అయ్యగారూ.”

షామియానా కింద అందరూ నవ్వారు. ఆయన మొహం మాడ్చుకుని ప్రశ్న కోటపాడు జట్టుకు ఇచ్చేశారు. వాళ్లలో ఒకడు “సౌదీ అరేబియా” అన్నాడు. “కరెక్ట్! దేవునికి స్తోత్రం!” అని ఆయన మైకు పగిలిపోయేలా అరిచారు. చప్పట్లు కొట్టారు. విశాఖపట్నం కోటపాడు వాళ్లకు వెళ్లిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడవాళ్లు కూర్చునే చాపల మీంచి లేచి మైకు దగ్గరికి నడిచాను.

“అయ్యగారూ, ఆ జవాబు ఎక్కడిది?” అన్నాను.

ఆయన కంటే ముందు సంఘపెద్ద ఒకాయన అందుకున్నాడు. ఫోను తీసి వీడియో పెట్టాడు. మా వాట్సాప్ గ్రూపులో అందరికీ వచ్చిందే. ఎవరో విదేశీయుడు కొండెక్కి రొప్పుతుంటాడు, వెనకాల తెలుగులో ఒకాయన ఉద్వేగంగా చెబుతుంటాడు. కొండ కొన నల్లగా ఉంది, దేవుడు అగ్నిలో దిగాడు కాబట్టి కాలిపోయింది. రాళ్ల మీద ఆవుల బొమ్మలున్నాయి, అదే ఆ జనం మొక్కిన బంగారు దూడ బలిపీఠం. చుట్టూ కంచె వేశారు, అంటే ప్రభుత్వం దాచిపెడుతోంది.

“సూసేరా టీచరమ్మా? కళ్లకి కనబడతంటే ఇంకేటి రుజువు?”

“రాయి నల్లగా ఉంటే దేవుడు దిగినట్టా బాబూ? అనకాపల్లి రోడ్డు పొడుగునా నల్లరాతి క్వారీలే. అక్కడెవరు దిగారు? పశువుల్ని మేపుకునేవాళ్లు రాళ్ల మీద ఆవుల్ని గీయరా? కంచె వేస్తే రహస్యమైతే మన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న కంచె మాటేటి?”

వెనక కుర్రాళ్లెవరో నవ్వారు. దాంతో ఆయనకి ఇంకా మండింది. బైబిల్లోనే పౌలు సంఘాలకు రాసిన ఉత్తరంలో సీనాయి అరేబియాలో ఉందని రాశాడు కదా, పౌలు కంటే మీకు ఎక్కువ తెలుసా అన్నాడు. పౌలు కాలంలో అరేబియా అంటే ఇప్పటి సౌదీ ఒక్కటే కాదు, ఆ ఈజిప్టు వైపు ఎడారిని కూడా కలిపి అనేవాళ్లని నేను చెప్పబోయాను. సగంలోనే ఆయన చెయ్యెత్తి అందరికీ వినబడేలా అన్నాడు:

“టీచరమ్మగారికి బైబిల్ కంటే తవ్వకాలు ఎక్కువైపోనాయి. పిల్లల్ని కూడా అలాగే తయారుసేస్తన్నారు.”

నేను పుట్టినప్పటి నుంచీ ఆ మందిరంలో పెరిగినదాన్ని. ఆ నేల తుడిచాను, పాటలు పాడాను, నాన్న శవపెట్టె ఆ గుమ్మంలోంచే బయటికి వెళ్లడం చూశాను. బైబిల్ మీద నాకు గౌరవం లేదని ఆయన నోట వినాల్సి వచ్చింది. పాస్టరుగారు పక్కనే ఉన్నారు. కాదు అని ఒక్కమాట అనొచ్చు. ఆయన మైకు వైరు సరిచేసుకుంటూ నిలబడ్డారు.

మా అక్క వచ్చి నా చెయ్యి పట్టి లాగింది. “ఊరుకోయే! గుంట పరువు తీస్తన్నావు.” తిరిగి చూస్తే మా గుంట పళ్లెం ముందే కూర్చుని ఉంది. ఏడవలేదు. పాస్టరుగారినే చూస్తోంది.

సోమవారం బడిలో పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక పాస్టరుగారింటికి వెళ్లాను. గుంట కూడా వస్తానంది, తీసుకెళ్లాను. నేను దెబ్బలాడటానికే వెళ్లాను, మర్యాదగా మాట్లాడే ఉద్దేశం ఏమీ లేదు. వందనాలు చెప్పుకున్నాక ఆయన “అమ్మగారు లోపలున్నారు, వెళ్లి మంచినీళ్లు తాగమ్మా” అని గుంటని లోపల వాళ్లావిడ దగ్గరికి పంపేశారు.

“మీరు బైబిల్ కాలేజీలో థియాలజీ చదువుకున్నారు అయ్యగారూ. సీనాయి ఎక్కడుందో అక్కడ ఏటి సెప్పేరు మీకు?” అన్నాను. కోపం వస్తే నా నోటికి కూడా ఇంటి మాటే వచ్చేస్తుంది.

ఆయన తలొంచుకుని అన్నారు.

“తెలీదనే సెప్పేరమ్మా. మ్యాపు మీద నాలుగైదు చోట్ల ప్రశ్నార్థకాలు పెట్టి సూపించేరు.”

“అయితే ఆ గుంట సెప్పింది కరెక్టే కదా?”

“కరెక్టే. కానీ మీరు ఆలోచించండి. మన కుర్రాళ్లు ఆటోస్టాండులో కూర్చుంటారు, మిల్లులో పనికెళ్తారు. మీ దేవుడికి రుజువేటని నలుగురూ ఏడిపిస్తారు. వాళ్లొచ్చి నన్నడుగుతారు. నేను కూడా తెలీదంటే ఏటైపోతారు వాళ్లు? ఆ వీడియో ఉంటే వాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టుంటాది. విశ్వాసం నిలబడతాదమ్మా.”

ఆయన మీద నాకు ఒక్క క్షణం జాలి కలిగింది, అది నిజం. జీతం సరిగా అందదు, ఎండలో స్కూటరు మీద ఇల్లిల్లూ తిరుగుతారు, ఎవరింట్లో జబ్బు చేసినా అర్ధరాత్రయినా వెళ్తారు. కానీ ఆ జాలిని మింగేసేంత కోపం వచ్చింది. తెలియక చెప్పినవాడిని క్షమించొచ్చు. ఆ సంఘపెద్ద తెలియనివాడు, పాపం, నిజంగానే నమ్మాడు. ఈయన తెలిసి చెప్పారు. తెలిసి, నిజం చెప్పిన పిల్లకు సున్నా వేశారు.

“రేపు ఎవడో ఒకడు ఆ వీడియో అబద్ధమని మన కుర్రాళ్లకి చూపిస్తాడు అయ్యగారూ. అప్పుడు కొండ ఒక్కటే పోతుందనుకుంటున్నారా? మీరు చెప్పినవన్నీ పోతాయి. మాకు మీరే కదా చెప్పేది,” అన్నాను.

ఆయన జవాబు చెప్పేలోపు గుమ్మంలో అలికిడయింది. మా గుంట గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు, అంతా విన్నదని మాత్రం దాని మొహం చూస్తే అర్థమైంది.

“నాది కరెక్టేనా అయ్యగారూ?” అంది.

“కరెక్టేనమ్మా.”

“అయితే ఆదివారం మైకులో సెప్తారా?”

దాని గొంతులో కోపం లేదు. ప్రైజు కూడా అడగలేదు. కోటపాడు వాళ్లని విశాఖపట్నం వెళ్లొద్దనలేదు. అందరి ముందూ తప్పన్నది అందరి ముందూ తప్పు కాదనమంది, అంతే. ఆయన నా వైపు చూశారు, తలుపు వైపు చూశారు, గోడమీది క్యాలెండరు వైపు చూశారు. “చూద్దాంలేమ్మా, ప్రార్థన చేద్దాం,” అన్నారు. ప్రార్థన అనే మాటని అలా తప్పించుకోవడానికి వాడటం నేను అదివరకూ విన్నాను. కానీ అంత అసహ్యంగా ఎప్పుడూ వినిపించలేదు.

ఆదివారం మా గుంట ఉతికిన పరికిణీ వేసుకుని అందరికంటే ముందు బయలుదేరింది. ముందు వరసలో కూర్చుంది. పాట అయింది, ప్రసంగం అయింది, కానుకలు పట్టారు. ప్రకటనల దగ్గర పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. చెబుతారనే అనుకున్నాను. మనిషి మంచివాడు కదా అనుకున్నాను.

“క్విజ్‌లో బాగా ప్రయత్నించిన మన చెల్లికి ఒక ప్రోత్సాహక బహుమతి ఇస్తున్నాం. వచ్చేసారి సరైన జవాబు చెప్పి గెలవాలని అందరం ప్రార్థన చేద్దాం,” అన్నారు. చేతిలో రంగుకాగితం చుట్టిన పొట్లం ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. గుంట లేవలేదు. “లేయే, అయ్యగారు పిలుస్తన్నారు,” అని అక్క వెనకనుంచి దాని భుజం పొడిచింది. అది కదల్లేదు. ఆయన పొట్లం పట్టుకుని నిలబడే ఉన్నారు, చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నన్ను కూడా చూశారు జనం, నేనైనా లేపుతానని. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆయన ఆ పొట్లం బల్లమీద పెట్టేసి ముగింపు ఆశీర్వాదం చెప్పేశారు.

ఆటోలో ఇంటికి వస్తుంటే చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి చాలాసేపు ఆగాల్సి వచ్చింది. అక్క ఏడుస్తోంది. గుంట బయటికి చూస్తూ నన్ను అడిగింది.

“ఆయనకి తెలుసు కదా పిన్నీ?”

“తెలుసే.”

ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ఆదివారం తలనొప్పి అంది. ఆపై ఆదివారం టెన్త్ ట్యూషన్ అంది. ఆ తర్వాత కారణం చెప్పడం మానేసింది, మేము అడగడం మానేశాం. అట్లాసు తీసి కూర్చుంటే చాలు పక్కకి జరిగి వచ్చే పిల్ల, ఇప్పుడు నేను బైబిల్ తెరిస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. “నీ చదువే దాన్ని చెడగొట్టింది” అని అక్క నామీద పడి ఏడుస్తుంది. నా చదువు కాదు. తెలియదు అన్నంతకాలం అది ముందు వరసలోనే కూర్చుంది. తెలిసినవాడు తెలియనట్టు నటించిన రోజున లేచి వెళ్లిపోయింది. దాన్ని మందిరానికి దూరం చేసింది తవ్వకాలు కాదని ఎంత గట్టిగా చెప్పినా మా సంఘంలో ఎవరికీ ఎక్కడం లేదు.

నేను మాత్రం మానలేదు. నాకూ దేవుడికీ మధ్య ఆ పొట్లం ఎందుకు రావాలి? ప్రతి ఆదివారం వెళ్తాను. ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలుపుతారు. నా వంతు వచ్చినప్పుడు అడుగుతారు, ప్రతివారం అడుగుతారు.

“గుంట రాలేదేటమ్మా?”

“ఎందుకు రాలేదో మీకు తెలుసు కదా అయ్యగారూ,” అంటాను.

నా వెనక ఇంకొకళ్లు నిలబడి ఉంటారు. ఆయన వాళ్లకి చెయ్యి చాపుతారు.