ఒక కాయ చెక్కు తీసేంతసేపు

అడ్యేరి గురించి ఎవరో ఒకరు రాస్తారనుకున్నాను. మా ఆయన పోయి ఏడాది దాటింది. ఎవరూ రాయలేదు. నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని, అయినా నేనే కూర్చున్నాను. తప్పులుంటే కోడలు నంపీమా దిద్దుతానంది.

ఆమె అసలు పేరు కొబుసింగె. పడమటి టోరో ప్రాంతం వాళ్ళని ముద్దుపేరుతో పిలవకపోతే పిలిచినట్టే కాదు, అందుకని మా ఊరంతా అడ్యేరి అనే పిలిచింది. మసాకా పట్నం నుంచి బోడా అనే అద్దె మోటారుసైకిలు వెనక కూర్చుని, ప్లాస్టిక్ కవరు చుట్టిన సంచీ ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మనిషి పుల్లలా ఉండేది గానీ వేరుశనగ పులుసు వడ్డిస్తే గిన్నె తుడిచి మరీ తినేది. ముందు ఆసుపత్రిలో నర్సు. పక్షవాతం వచ్చినవాళ్ళకి చెయ్యి కదపడం, కాలు కదపడం నేర్పి ఇంటికి పంపుతుంటే, "మరి నోటికో?" అని అడిగిందట. జవాబిచ్చేవాళ్ళు లేక, తనే కంపాలా వెళ్ళి పోయిన మాట తెప్పించే చదువు చదివింది. మా లుగాండా భాష మాట్లాడేవాళ్ళకి మాట ఎలా పోతుందో, ఎలా తిరిగొస్తుందో ఇల్లిల్లూ తిరిగి రాసుకునేది. ఆ సంగతులు చెప్పే పుస్తకాలన్నీ వేరే దేశాల వాళ్ళ నోళ్ళ గురించేనట.

మా ఇంట్లో పోయిన నోరు మామూలుది కాదు. మా ఆయన ముత్యాబ పెళ్ళిమాటల మనిషి. పెళ్ళికొడుకు తరఫున వెళ్ళి, పిల్ల వాళ్ళ పందిట్లో నిలబడి మాట్లాడేవారు. పిల్ల మేనత్తలు ఎన్ని వంకలు పెట్టినా వాళ్ళని కడుపు పట్టుకునేలా నవ్వించి ఒప్పించేవారు. ఇంట్లోనూ ఆయన మాట్లాడేవారు, నేను వినేదాన్ని. నలభై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఒక పొద్దున స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయారు. తొమ్మిదో రోజు ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేసరికి కుడి చెయ్యి వేలాడుతోంది, నోట్లో ఒక్క మాటే మిగిలింది. "అలాగే." ఆకలేసినా అలాగే. మేక చిక్కుడు పాదులోకి దూరినా అలాగే. కోపమొచ్చినా అదే మాట, కాకపోతే గట్టిగా.

ఆ నెలలోనే మా అబ్బాయి కగ్వాకి కొడుకు పుట్టాడు. మాలో కొడుకు బిడ్డకి పేరు తాతే పెట్టాలి. వంశంలో పోయిన పెద్దల పేర్లలోంచి తీసి పెట్టాలి. పడిపోక ముందు మా ఆయన, "పేరు నా దగ్గరుంది. వాడి మొహం చూశాక చెప్తాను" అని ఊరించారు. మొహం చూశారు. పేరు లోపలే ఉండిపోయింది. ఇదా, అదా అని మేం ఏ పేరు చెప్పినా "అలాగే" అనేవారు, అని తల గోడకేసి కొట్టుకునేవారు. అసలు పేరు కూడా మేం ఎప్పుడో అనే ఉంటాం. తెలిసే దారి లేదు.

మరిది లుబ్వామ రోజూ వచ్చేవాడు.

"వదినా, వీడికి పళ్ళొచ్చేదాకా 'ఒరేయ్' అనే పిలుద్దామా? రేపు పెళ్ళిలో పిల్ల వాళ్ళు పేరడిగితే 'ఒరేయ్ గారు' అందామా?"

"ఇంకొన్నాళ్ళు ఆగు మరిదీ."

"నేను ఆగుతాను. వాడు పెరగకుండా ఆగుతాడా?"

చెడ్డవాడు కాదు. బిడ్డ పేరు లేకుండా ఉండటం వాడికీ బాధే.

అడ్యేరి మొదటిసారి వచ్చినప్పుడు బొమ్మలు పరిచింది. కోడి, గడ్డపార, బుట్ట. "సెబో, ఇదేంటి?" అని మర్యాదగా అడిగింది. మగవాళ్ళని సెబో అని, ఆడవాళ్ళని న్యాబో అని గౌరవంగా పిలవడం మా పద్ధతి. ఆయన నోరు తెరిచేలోపు నేను "కోడి" అన్నాను. తర్వాత "బుట్ట" అన్నాను. నాలుగో బొమ్మకి ఆమె కార్డు కింద పెట్టేసింది.

"అమ్మా, ఈ పరీక్ష మీకా, ఆయనకా?"

సిగ్గుతో తల దించుకున్నాను. పెళ్ళయ్యాక నేను ఎక్కువ మాట్లాడింది ఆ రెండు నెలల్లోనే. ఆయనకి బదులు అన్నీ నేనే చెప్పేస్తున్నానని అంతవరకు నాకు తెలియలేదు.

ఆ రోజు ఒక్క బొమ్మ పేరూ రాలేదు. కాగితం నిండా సున్నాలు వేసుకుని ఆమె లేచింది. వెళ్ళేముందు గుమ్మం దగ్గర, మా ఆడవాళ్ళు పెద్దల్ని పలకరించే పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని, "పొద్దు ఎలా గడిచింది సెబో?" అంది.

"బాగా గడిచింది న్యాబో. నీకెలా గడిచింది? ఇంట్లో వాళ్ళు ఎలా ఉన్నారు?" అన్నారు మా ఆయన.

నా చేతిలో గిన్నె జారిపోయింది. ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం. అడ్యేరి మాత్రం ఏమీ జరగనట్టు మిగతా పలకరింపంతా చివరిదాకా నడిపి, అప్పుడు పుస్తకం తెరిచింది.

"దీనికి నా కాగితంలో గడే లేదు" అంటూ, కోడి బొమ్మ కార్డు అంచు ఆనించి కొత్త గీత గీసింది.

తర్వాత నాకు విడమరిచి చెప్పింది. వెతుక్కుని చెప్పే మాట ఒక చోట ఉంటుందట. చిన్నప్పటి నుంచి ఒకే వరసలో అని అని అరిగిన మాట ఇంకో చోట ఉంటుందట. ఆ రెండో చోటుకి పెద్దగా దెబ్బ తగల్లేదు. "అటునుంచి దారి చేద్దాం. కాకపోతే మీరొక పని చెయ్యాలి. ఆయనకి మాట అందించాలనిపించినప్పుడల్లా వంటకి తెచ్చిన మటోకె అరటికాయ ఒకటి తీసుకోండి. చెక్కు మొత్తం తీసేదాకా నోరు విప్పకండి."

మొదటి రోజు ఎన్ని కాయలు చెక్కానో! వండితే పెళ్ళి వంట అయింది. పక్కింటావిడ అరిటాకు పొట్లం అందుకుంటూ, "ఏంటి, మీ ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయా?" అంది. నెల తిరిగేసరికి కాయలు తగ్గాయి. "టీ" వచ్చింది. "మేక" వచ్చింది. ఒకరోజు నా పేరు వచ్చింది. ఆ పూట కత్తి పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను.

పేరు సంగతి చెబితే అడ్యేరి పుస్తకం మళ్ళీ తెరిచింది. "ఆయన వరసగా చెప్పే అలవాటున్నది ఇంకేమైనా ఉందా?"

ఉంది. పందిట్లో నోరు విప్పే ముందు మగవాడు తన తండ్రుల వరస చెప్పాలి. మా ఆయన అది కొన్ని వందలసార్లు చెప్పి ఉంటారు. బిడ్డ పేరూ ఆ వరసలోదే అయి ఉండొచ్చు. ఆ వరస చెప్పమని అడ్యేరి లుబ్వామని అడిగింది.

"ఆడపిల్లవి, అందులోనూ టోరో పిల్లవి. నీకు మా తాతల పేర్లు చెప్పి కాగితంలో రాయించుకోనా? రేపు మార్కెట్లో అమ్ముతావు!" అన్నాడు.

"అమ్మితే మీకూ వాటా ఇస్తాలెండి సెబో" అంది అడ్యేరి.

నేనేమో మిడతల వంశం పిల్లని, ఆయనది మాంబ చేప వంశం. ఆ వరస నా నోటితో అనాల్సింది కాదు. కానీ పందిళ్ళలో మగవాళ్ళ చాపల వెనక కూర్చుని నలభై ఏళ్ళు విన్నాను. సాయంత్రం కాయలు చెక్కుతూ నెమ్మదిగా, "ముత్యాబ..." అన్నాను. మొదటి మాట మాత్రమే ఇవ్వమంది అడ్యేరి.

"నేను ముత్యాబని" అన్నారు ఆయన. కాయ చెక్కు అయిపోవచ్చింది. "ముబీరు కొడుకుని."

అక్కడ ఆగిపోయారు. పదిహేను రోజులకి "కయిజ్జి మనవణ్ణి" దాకా వచ్చారు. ఆ పైకి వెళ్ళలేదు. ప్రతిసారీ ఆ గట్టు దగ్గరికొచ్చి ఏడ్చేవారు. అడ్యేరి పక్కన కూర్చునేది, కళ్ళు తుడిచేది కాదు, చెయ్యి పట్టుకునేది కాదు. ఊరికే కూర్చునేది. ఒకసారి నాతో అంది: "మా అన్నకి జ్వరమొచ్చి మాట పోయింది అమ్మా. ఏమన్నా అడిగితే మేమే జవాబు చెప్పేసేవాళ్ళం. తర్వాత అడగడమే మానేశాం. వాడు మేకలతో ఉండి, మేకల మధ్యే పోయాడు. వాడేం చెప్పాలనుకున్నాడో ఇంట్లో ఒక్కరికీ తెలియదు." అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

చివరికి లుబ్వామ గడువు పెట్టాడు. "వచ్చే ఆదివారం అన్నయ్య చెప్తే సరే. లేకపోతే నేనే పెడతాను." కాదనడానికి మాకు మొహం చెల్లలేదు. బిడ్డకి ఏడో నెల.

ఆదివారం ఇంటి నిండా వంశం వాళ్ళు. మా ఆయనకి కంజు అనే తెల్లటి పొడుగు అంగీ తొడిగి చాప మీద కూర్చోబెట్టి, బిడ్డని ఎదురుగా ఉంచారు. అడ్యేరి తలుపు దగ్గర ఆడవాళ్ళలో కూర్చుంది. నేను బుట్టెడు కాయలు ముందేసుకున్నాను. అందరూ వంట కోసమనుకున్నారు.

"నేను... ముత్యాబని." ఆగారు. "ముబీరు కొడుకుని." చాలాసేపు ఆగారు. "కయిజ్జి మనవణ్ణి."

అంతే. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. చెమట కారుతోంది. ఎవరో దగ్గారు. లుబ్వామ జాలితోనే ముందుకి వంగి నోరు తెరిచాడు, తమ్ముడు కదా, ఆ తర్వాతి పేరు వాడికీ తెలుసు.

నేను లేచాను. అంతమంది మగవాళ్ళ మధ్యలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఒక కాయ, కత్తి వాడి చేతిలో పెట్టాను.

"మరిదీ, ముందు ఇది చెక్కు."

"నేనా?"

"నువ్వే. మొత్తం తీశాక మాట్లాడు."

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. లుబ్వామ బతుకులో ఎప్పుడూ కాయ చెక్కలేదు. తొక్కతో పాటు సగం కాయ పోతోంది, వేళ్ళకి జిగురు అంటుకుంటోంది. "ఇదేం కర్మ వదినా" అని గొణుగుతూనే చెక్కాడు. ఇల్లంతా ఆ కాయనే చూస్తోంది. మా ఆయన్ని ఎవరూ చూడటం లేదు.

"లుకంగ" అన్నారు మా ఆయన.

ఎడమ చెయ్యి బిడ్డ తల మీద పెట్టారు. "లుకంగ. లుకంగ. లుకంగ." మళ్ళీ జారిపోతుందేమోనన్నట్టు అంటూనే ఉన్నారు. లుబ్వామ సగం చెక్కిన కాయ పట్టుకుని ఏడ్చేశాడు.

ఆ తర్వాత ఆయన ఏడాదిన్నర బతికారు. పెళ్ళి పందిళ్ళకి మళ్ళీ వెళ్ళలేదు. ముప్పై నలభై మాటలతోనే కాలం గడిపారు. అందులో మనవడి పేరే ఎక్కువసార్లు వాడారు. రెండోసారి పక్షవాతం వచ్చి, ఎండాకాలంలో పోయారు.

పోయిన నెల అడ్యేరి తను రాసింది అచ్చైందని కాగితాలు తెచ్చింది. అందులో ఆయన పేరు లేదు. పేర్లు వేయకూడదట. మూడో మనిషి, మగవాడు, అరవై ఎనిమిదేళ్ళు. పలకరింపుకి, తండ్రుల వరసకి ఇప్పుడు విడిగా గళ్ళున్నాయి, పక్క జిల్లాలోనూ అవే వాడుతున్నారు. ఇంట్లోవాళ్ళు ఎంతసేపు ఆగాలో చెప్పేచోట, ఒక కాయ చెక్కు తీసేంతసేపు అని ఉందని చదివి వినిపించింది.

నేను కొంగు సర్దుకుని ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అయ్యో, లేవండి అమ్మా! నేను మీ కూతురి వయసుదాన్ని. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి మోకరిల్లడమేంటి?"

చెప్పాలనుకున్నది చాలా ఉంది. ఒక్క మాటా రాలేదు. అడ్యేరి నా మొహం చూసి గబుక్కున నోరు మూసుకుంది. చేయి చాచి, పక్కనున్న నా కాయల బుట్టలోంచి ఒక కాయ తీసుకుంది.