కరువయ్యాడు అన్న మాట

కాన్యే ఊరి చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టాలు మూడు. ఊరు కొండ మీదికి ఎక్కడం ఒకటి. తెగులు తగిలి పశువులన్నీ తుడిచిపెట్టుకుపోవడం రెండోది. కెలెబొన్యే టీచరు ఒక నవల మార్జిన్లో మొట్టమొదటిసారి పెన్సిల్‌తో చిన్న శిలువ గుర్తు వేయడం మూడోది. మొదటి రెండింటి తేదీల మీద పెద్దలకు భేదాభిప్రాయాలున్నాయి. మూడోదాని మీద లేవు. అది 1989 జూలైలో ఒక మంగళవారం, నాలుగో పీరియడ్. పిల్లలు పరీక్ష రాస్తున్నారు. నూట పన్నెండో పేజీలో ఒక ముసలాయన కన్నుమూశాడు. టీచరు పెన్సిల్ తీసింది.

ఆ తర్వాత తమ భాష సెత్స్వానాలో నవల ఏది చేతికొచ్చినా, అందులో ఎవరు పోయినా, పక్కన శిలువ పడేది. ఎం.ఏ. సిద్ధాంత వ్యాసానికి ఆవిడ ఎంచుకున్న విషయం అదే: మన నవలల్లో మనుషులు ఎలా పోతారు. నలభై ఒక్క నవలలు, నూట అరవై మూడు శిలువలు. తేలిందేమిటంటే, ఎద్దు చస్తుంది, కుక్క చస్తుంది, మనిషి మాత్రం చావడు. సెత్స్వానాలో మర్యాద తెలిసిన వాళ్ళు మనిషిని ఆ మాట అనరు, మనకు కరువయ్యాడంటారు. నూట అరవై మంది ఆ ప్రకారం కరువయ్యారు. చచ్చినవాళ్ళు ముగ్గురే: ఒక మంత్రగత్తె, ఒక పశువుల దొంగ, ఒక పన్నుల గుమాస్తా. ఎవరు ఏ జబ్బుతో పోయారో ఒక్క రచయితా రాయలేదు.

రాజధాని గబరోన్‌లో యూనివర్సిటీ గైడు లెక్కలన్నీ చూసి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, "అయితే ఏంటమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబే చివరి అధ్యాయం కావాలి. మొదటి శిలువ పడి పన్నెండేళ్ళయినా ఆ అధ్యాయానికి శీర్షిక తప్ప ఏమీ రాలేదు.

ఈలోగా ఊరికి ఆ జబ్బు వచ్చింది. మంచి భాష రాస్తుందని పేరుండడంతో సమాధి దగ్గర చదివే జీవిత విశేషాలు రాసిపెట్టమని అందరూ టీచరు దగ్గరికే వచ్చేవాళ్ళు. పుట్టింది ఫలానా ఏడు, చదివింది ఫలానా బడి, దీర్ఘకాలం అస్వస్థతగా ఉండి మనకు కరువయ్యాడు. 2001 చలికాలం నాటికి, అంత్యక్రియలు జరిగే శనివారానికి మూడు, ఒక్కోసారి నాలుగు. పేర్లు మారేవి, ఆఖరి వాక్యం మారేది కాదు. పోయినవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. తనకు తెలియకుండానే టీచరు నలభై రెండో నవల రాస్తోంది, వారానికో అధ్యాయం చొప్పున.

ఆ ఏడు మే నెలలో, చలి మొదలవుతుండగా, తమ్ముడు మొసెకి గనుల నుంచి తిరిగొచ్చాడు. ట్రక్కు వెనకాల పరుపు మీద పడుకోబెట్టి తెచ్చారు. మనిషి సగమైపోయాడు, నోరు మాత్రం అలాగే ఉంది.

"ఏంటక్కా అలా చూస్తావు? పెన్సిల్ దగ్గర పెట్టుకున్నావా?"

"నోర్ముయ్. సంకటి తిను."

"తింటాలే. నా కాగితం నువ్వే రాస్తావుగా?"

ఆవిడ సంకటి గిన్నె దగ్గరికి జరిపింది.

"కరువయ్యాడని మాత్రం రాయకు. పదకొండేళ్ళు గనుల్లో ఉన్నాను, ఏటికోసారి వచ్చేవాణ్ణి. అప్పుడు కరువయ్యాను మీకు. ఎవరూ ఏమీ రాయలేదు. ఇప్పుడు మంచం దిగకుండా మీ కళ్ళముందే ఉంటే కరువంటారా?" దగ్గు ఆగాక మళ్ళీ అన్నాడు. "ఎయిడ్స్‌తో చచ్చాడని రాయి. నీ పుస్తకాల్లో దొంగకిచ్చిన మర్యాద నాకూ ఇవ్వు."

"ఊళ్ళో తలెత్తుకోగలమా, మొసెకి?"

"తలదించుకుని ఎంతమందిని పాతిపెట్టారు? రాస్తానని చెప్పు."

రాస్తానంది. జీవితంలో ఆవిడ ఇచ్చిన పెద్ద మాట అదొక్కటే. చివరి అధ్యాయం దొరికిందని కూడా ఆ క్షణంలోనే అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది.

మొసెకి ఆగస్టులో పోయాడు. సమాధి దగ్గర కాగితం చదివేది మేనమామ. రాడిపాటి మామయ్య ఈ పనిలో ఆరితేరినవాడు. ఎప్పుడూ ముందురోజు మధ్యాహ్నమే వచ్చి, "కళ్ళు మసకలమ్మా, ఒక్కసారి చదివి వినిపించు" అనేవాడు. మర్నాడు గంభీరంగా, ఒక్క అక్షరం తడబడకుండా చదివేవాడు. ఆ వయసులో అంత ధారాళంగా చదవడం చూసి ఊరు ముచ్చటపడేది.

ఈసారీ శుక్రవారం వచ్చాడు.

"ఏదమ్మా, వినిపించు."

"ఇంకా రాయలేదు, మామయ్యా." కాగితం అప్పటికే ఆవిడ బైబిల్లో ఉంది. ముందే వింటే ఆయన చదవనంటాడు. జనం ముందు చేతిలో పెడితే తప్పించుకోలేడు. ఆవిడ ఎత్తు అది.

"పొద్దున్నే వినిపిస్తావా మరి?"

"టైముండదు. మీకు కొత్తా ఏంటి?"

ఆయన టోపీ చేతుల్లో రెండుసార్లు తిప్పాడు. "అయితే ఎప్పటిలాగే రాయి. కొత్త మాటలు పెట్టకు," అని వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లవారుజామున మంచులో పెట్టెను గోతి పక్కన దించారు. ఆడవాళ్ళు శాలువాలు కప్పుకుని నేల మీద కూర్చున్నారు. టీచరు లేచి వెళ్ళి కాగితం మామయ్య చేతిలో పెట్టి వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆచారం ప్రకారం ముందు కులచిహ్నమైన మొసలి పేరిట తమ వంశాన్ని పొగిడాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

మొసెకి ఈ ఊళ్ళో పుట్టాడు, ఈ ఊళ్ళో చదివాడు, గనుల్లో కష్టపడ్డాడు. దీర్ఘకాలం అస్వస్థతగా ఉండి మనకు కరువయ్యాడు.

ఒక్క అక్షరం తడబడలేదు. జనం తలలూపారు. సమాధి దగ్గర మేనమామ చదివినదాన్ని ఆడకూతురు లేచి కాదనడం ఆ ఊళ్ళో ఎన్నడూ జరగలేదు. ఆ రోజూ జరగలేదు. మగవాళ్ళు పారలు అందుకున్నారు.

ఇంటి దగ్గర మామయ్య చేతులు కడుక్కుని మగవాళ్ళకు దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టీచరు సంకటి, దంచిన మాంసం పళ్ళెంలో తెచ్చి ఆయన ముందు పెట్టింది. వెంటనే వెళ్ళిపోలేదు.

"పరువు కోసం చేశారు కదూ?"

"ఏం చేశానమ్మా?"

"వాడికి మాటిచ్చాను. వాడు అడిగింది ఒక్కటే. కాగితంలో ఉన్నది మీరు చదవలేదు."

ఆయన పళ్ళెం వైపు చూశాడు. చుట్టూ చూశాడు. కోటు జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, మోకాలి మీద చేత్తో సాపు చేశాడు.

"నన్ను పశువుల వెంట పంపారు కెలెబొన్యే. మీ అమ్మను బడికి పంపారు," అన్నాడు మెల్లగా. "ఇందులో వాడి పేరెక్కడుందో చూపించు."

పేరు కాగితం పైనే ఉంది, పెద్ద అక్షరాల్లో.