మా అమ్మ వేసుకున్న అత్తమ్మ నైటీ

పెళ్ళయి నాంపల్లిలో కాపురానికి వచ్చినప్పుడు రైళ్ళ చప్పుడుకు తొందరగానే అలవాటు పడ్డాను. మా అత్తమ్మ నైటీకి అలవాటు పడటానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మా ఊళ్ళో నైటీ అంటే తెలియదని కాదు. పట్నం కోడళ్ళు వచ్చినప్పుడు రాత్రి తలుపులు వేసుకున్నాక తొడుక్కునేవాళ్ళు, తెల్లవారకముందే విప్పి బ్యాగులో దాచేసేవాళ్ళు. అత్తమ్మ తీరు దానికి పూర్తిగా వ్యతిరేకం. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు దీపం వెలిగించి, ఇస్త్రీ మడతలు చెక్కుచెదరని నైటీ తొడుక్కుని, దాని మీద చున్నీ కప్పుకుని గేటు తీసేది. పాలప్యాకెట్లకు, కూరగాయల బండికి, గ్యాసు ఆఫీసుకు, ఎక్కడికైనా ఆ వేషమే. ఒకసారి కుక్కర్ రబ్బరు మార్పించడానికి నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్ దాకా నైటీలోనే వచ్చింది. ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడతారేమోనని నేను ఆమెకు కాస్త వెనకగా, ఎవరో వేరే మనిషిలా నడిచాను. అత్తమ్మ మాత్రం సెంటర్లో నిలబడి ట్రాఫిక్ పోలీసుతో ఎండల గురించి మాట్లాడుతోంది.

అత్తమ్మ పుట్టింది కాచిగూడలో, మెట్టింది నాంపల్లిలో. మా మామయ్య పోయాక ఈ స్టేషన్ వెనక గల్లీయే ఆమె ప్రపంచం. గల్లీ మొత్తాన్ని ఆమె తన వాకిలి కిందే జమ కట్టేది. వాకిట్లోకి పోవడానికి బట్టలు మార్చుకోవడం ఏమిటని ఆమె ఉద్దేశం.

మా అమ్మ దీనికి పూర్తిగా ఎదురు. పొలంలో నాట్లు వేసినప్పుడు తప్ప ఆమె చీర కొంగు నడుముకు దోపడం నేను చూడలేదు. నిద్రలో కూడా కొంగు భుజం మీద నుంచి జారనివ్వని మనిషి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అత్తమ్మ వీధిలోకి పోతుంటే తల పక్కకు తిప్పుకునేది. వియ్యపురాలు కాబట్టి పైకి ఏమీ అనేది కాదు. నాతో మాత్రం వంటింట్లో గుసగుసగా, "మీ అత్తమ్మ మంచిదే బిడ్డా, గని గా సంచి ఏంది, గట్ల బజార్ల తిరుగుడేంది?" అనేది.

కిందటేడు యాసంగి వరి కోతలైపోయాక అమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చింది. వచ్చిన మర్నాడే మా వెనక వాకిట్లో బట్టలు ఆరేస్తూ, నాచు మీద కాలు జారి పడింది. కుడి చేయి కిందపెట్టి పడటంతో మణికట్టు విరిగింది. అబిడ్స్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మోచేతి పైదాకా పిండికట్టు వేశాడు. నెలన్నర కదపొద్దన్నాడు. ఊరికి పంపితే ఊరుకునే మనిషి కాదు, ఒంటి చేత్తోనైనా బర్రెకు గడ్డి వేస్తుంది. అందుకని మా ఇంట్లోనే, అత్తమ్మ గదిలో రెండో మంచం వేసి ఉంచాము.

మొదటి రోజుల్లో పొద్దున్నే నేనే అమ్మకు చీర కట్టి బషీర్‌బాగ్‌లో మా ఆఫీసుకు పోయేదాన్ని. జాకెట్టు కుడి చేయి కత్తిరించాల్సి వచ్చింది. నేను ఎంత బిగించి కట్టినా మధ్యాహ్నానికి కుచ్చిళ్ళు జారిపోయేవి. సాయంత్రం వచ్చేసరికి అమ్మ మంచం మీద ఎడమ చేత్తో చీరను పొట్ట దగ్గర పట్టుకుని కూర్చుని ఉండేది. ఏమైనా అడిగితే, "నాకేంది, మంచిగున్న" అనేది.

ఒక సాయంత్రం అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"మీ అమ్మ నీళ్ళు తాగుతలేదు బేటా. ఎండలు గిట్ల కొడుతుంటే, పొద్దుగాల నువ్వు పెట్టిన సీసా పెట్టినట్టే ఉంటున్నది."

"ఎందుకు అత్తమ్మా?"

"తాగితే బాత్‌రూంకు పోవాలె. పోతే చీర ఊడుతది, మల్ల ఎవరన్నా కట్టాలె. నన్ను పిలవనీకి మొహమాటం. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాంక బిగబట్టుకొని కూసుంటున్నది."

ఆఫీసుకు సెలవు పెడతానన్నాను. అత్తమ్మ, "నీ సెలవు ఎన్ని రోజులొస్తది? ఫికర్ చెయ్యకు, నేను చూస్త" అని బీరువా తెరిచింది. తన నైటీల్లో అన్నిటికంటే కొత్తది, లేత నీలం మీద తెల్ల పువ్వులున్నది తీసింది. కుడి చేయి కుట్టు విప్పి, దానిలో ఇంకో గుడ్డముక్క కలిపి, పిండికట్టు దూరేంత వెడల్పు చేసి మిషను మీద కుట్టింది. పక్కన నాడాలు కూడా పెట్టింది.

అది చూసి అమ్మ గోడవైపుకు జరిగింది.

"అమ్మో, నాతోని గాదు వదినె. గది ఏసుకున్నంక ఎవరి ముంగట నిలబడ్త?"

"ఎవరి ముంగట నిలబడాలె? ఇంట్ల ఉన్నది మనమే గదా."

"అల్లుడున్నడు గదా."

"అల్లుడా? వాడు పుట్టిన కాంచి నన్ను నైటీలనే చూసిండు. వానికి చీరంటేనే వింత. నేను చీర కడితే ఎవరి పెండ్లని అడుగుతడు."

అమ్మకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. అత్తమ్మ ఆమె పక్కన కూర్చుని, "వదినె, నీళ్ళు తాగకపోతే రోగమొస్తది. అప్పుడు దవాఖానల ఏసుకునేది కూడ గిసొంటిదే, దానికి ఎనక బొత్తాలు కూడ ఉండయి" అన్నది. ఆ మాట పనిచేసింది. అమ్మ కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తింది. అత్తమ్మ చిన్నపిల్లకు గౌను తొడిగినట్టు తొడిగింది. తర్వాత ఒక పెద్ద చెంబుడు నీళ్ళు తెచ్చి, అమ్మ మొత్తం తాగేదాకా ఎదురుగా నిలబడింది.

రెండు రోజులు అమ్మ గది దాటలేదు. మెడదాకా దుప్పటి కప్పుకుని కూర్చునేది. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ ఉక్కలో దుప్పటి కప్పుకోవడం ఎవరివల్లా కాదు. అమ్మ, అత్తమ్మ చున్నీ ఒకటి కప్పుకుని, వరండాలోకి వచ్చి కూర్చుంది. అప్పుడే గేటు ముందు కూరగాయల బండి ఆగింది. అత్తమ్మ వంకాయలు ఏరుతోంది. బండి అతను ఏవో చెబుతున్నాడు. అమ్మ దూరం నుంచే చూసి, "ఓ వదినె, గవి నిన్నటివి! తొడిమెలు చూడు ఎట్ల వాడినయో!" అని అరుస్తూ లేచి, గేటు దాటి, గల్లీలో బండి దగ్గరికి పోయి ఎడమ చేత్తో వంకాయలు తిరగేయడం మొదలుపెట్టింది. అప్పుడు తన ఒంటి మీద ఉన్నదేమిటో గుర్తొచ్చి కొయ్యబారిపోయిందట. అత్తమ్మ ఆమె ముఖం చూసి, "చున్నీ జారింది, సర్దుకో" అని మాత్రం అన్నది. బేరం ముందుకు సాగింది. ఇదంతా సాయంత్రం అత్తమ్మే నాకు చెప్పింది. అమ్మ పక్కనే కూర్చుని, "వంకాయలు మాత్రం నిన్నటియే" అన్నది.

అప్పటినుంచి ఇద్దరి పొద్దుటి నడక గల్లీ చివరిదాకా పోయింది. ఒకనాడు నేను ఆఫీసుకు తయారవుతుంటే అమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బిడ్డా, మీ అత్తమ్మ సంగతి నీకెరుకేనా?"

"ఏం సంగతి?"

"రాత్రి పండుకునేటప్పుడు నైటీ విప్పి, పాత నూలు చీర కట్టుకుంటది. రోజు అంతే. మొన్న అడిగిన, ఏంది వదినె, గిది ఉల్టా ఉన్నదని. ఏమన్నదో తెలుసా? నైటీల పండుకుంటే నలగదా, పొద్దుగాల నలిగిన బట్టతోని నలుగుట్లకు ఎట్ల పోవాలె అన్నది."

ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి నాకు ఈ విషయం తెలియదు. రాత్రి ఆమె గది తలుపు వేసుకునేది, పొద్దున నాకంటే ముందే లేచి తయారయ్యేది. మెత్తబడిన పాత చీర ఒంటికి చుట్టుకుంటేనే నిద్ర పడుతుందని అత్తమ్మ చెప్పిందట. తన అత్తగారు ఉన్నప్పటి అలవాటట. అమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో! ఆ రోజు నుంచి తను కూడా రాత్రికి చీర అడిగింది. కట్టుకునే వీలు లేదు కాబట్టి అత్తమ్మే తన పాత చీరల్లో ఒకటి తీసి నైటీ మీదుగా కప్పేది. రెండు మంచాల మీద ఇద్దరూ చీరల్లో పడుకుని ఊరి కబుర్లు, గల్లీ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. మధ్య గోడకు ఇవతల మాకు నవ్వులు వినబడేవి.

నాన్న చూడటానికి వస్తున్నాడని తెలిసిన పొద్దున మాత్రం అమ్మకు మళ్ళీ దిగులు పట్టుకుంది. చీర కట్టమని నా వెంటపడింది. నేను కుచ్చిళ్ళు పెడుతుండగానే నాన్న, చాదర్‌ఘాట్ వైపు నుంచి వచ్చే బస్సు దిగి, అనుకున్నదానికంటే ముందే గేటు దగ్గరికి వచ్చేశాడు. చీర సగంలో ఉంది. అమ్మ కంగారులో దాన్ని లాగి పారేసి, నైటీ మీదే చున్నీ కప్పుకుని తలవంచుకుని కూర్చుంది. నాన్న లోపలికి వచ్చి ముందు చేయి చూశాడు. పిండికట్టును వేలితో మెల్లగా తట్టాడు. తర్వాత నైటీ అంచు పట్టుకుని చూశాడు.

"మంచిగున్నది. గాలి ఆడుతది. ఎక్కడ తెచ్చినవ్?"

"వదినెది" అన్నది అమ్మ, తల ఎత్తకుండానే.

"ఇంటికాడికి కూడ రెండు పట్టుకరా. బర్రెల కాడ చీర కుచ్చిళ్ళు తొక్కుకొని ఎన్నిసార్లు పడ్డవో నువ్వు మరిచినవేమో, నేను మరువలే."

అమ్మ అప్పుడు తల ఎత్తి ఆయన వైపు చూసిన చూపు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

పిండికట్టు విప్పే రోజు నాకు సెలవు దొరకలేదు. అత్తమ్మే ఆటోలో తీసుకుపోయింది. మధ్యాహ్నం నేను పర్మిషన్ తీసుకుని అబిడ్స్ చేరేసరికి కట్టు విప్పడం అయిపోయింది. సన్నబడి పాలిపోయిన చేతిని పొట్టకు ఆనించుకుని అమ్మ, పక్కన అత్తమ్మ, ఇద్దరూ నైటీల్లోనే ఒక పెద్ద చీరల దుకాణం మెట్ల పక్కన నిలబడి లస్సీ తాగుతున్నారు. దుకాణం అద్దం వెనక ఒక ఆకుపచ్చ గద్వాల చీర వేలాడుతోంది. అమ్మ దాన్నే చూస్తోంది.

"పోయి చూద్దాం పా" అని అమ్మే ముందు మెట్టెక్కింది. తలుపు దగ్గర నిలబడ్డ దుకాణం మనిషి ఇద్దరినీ కిందికీ పైకీ చూసి, మర్యాదగానే, "అమ్మా, దవాఖాన పక్క గల్లీల ఉన్నది" అన్నాడు. మా ఆఫీసు వాళ్ళెవరైనా చూస్తున్నారేమోనని నేను రోడ్డు వైపు చూశాను. అత్తమ్మ నోరు తెరవబోయింది. అమ్మ ఆమెను ఆపింది.

"దవాఖానకు పోయే వస్తున్నం అన్నా. చీర కొననీకి వచ్చినం."

"నైటీల మీదనా అమ్మా?"

"చీర కట్టుకొని వచ్చినోళ్ళకు చీర ఉండనే ఉన్నది గదా. లేకనే గదా నీ దగ్గరికి వచ్చింది?"

అతను పకపకా నవ్వి తలుపు బార్లా తెరిచాడు. లోపల తెల్ల పరుపుల మీద కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించాడు. అమ్మ ఆకుపచ్చ గద్వాల తీయించి అత్తమ్మ భుజం మీద వేసి చూసింది. అత్తమ్మ, "నాకెందుకు వదినె, నేనెక్కడ కడత?" అని తీసేయబోయింది. మామయ్య పోయాక ఆమె తనకంటూ చీర కొనుక్కోలేదు. అమ్మ చీరను మళ్ళీ ఆమె భుజం మీదికి లాగి, బలం లేని కుడి చేత్తోనే గట్టిగా పట్టుకుంది.

"నా ఇంటికి వచ్చినప్పుడు కట్టుకో. వస్తవు గదా?"

అత్తమ్మ చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది. నేను వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఆ రోజు ఇంటికి నడిచే వచ్చాము. నేను మధ్యలో, చెరో పక్కన చెరొకరి చేయి పట్టుకుని.

అమ్మ ఊరికి పోయింది. మొదట్లో నైటీ ఇంటి లోపలే వేసుకుందట. ఇప్పుడు పాలకేంద్రం దాకా నైటీలోనే పోతోందని నాన్న చెప్పాడు. ఆ వాడలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా మొదలుపెట్టారట. వానలు తగ్గాక అత్తమ్మ గద్వాల చీర కట్టుకుని, నాలుగు రోజులుంటానని అమ్మ వాళ్ళ ఊరికి పోయి చాలా రోజులు ఉండిపోయింది. నేను ఫోన్ చేస్తే పనిలో ఉన్నామని ఇద్దరూ పెట్టేసేవాళ్ళు.

నిన్న పొద్దున ఆఫీసు కంప్యూటర్ ముందు ఇంట్లోనే కూర్చున్నాను, ఈ మధ్య వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే పని. కొత్తిమీర అయిపోయింది. నైట్ ప్యాంటు, టీషర్టు మీదే గల్లీ చివరి దుకాణానికి బయలుదేరాను. అత్తమ్మ వరండాలోంచి నన్ను ఆపాదమస్తకం చూసింది.

"రాత్రి గదే ఏసుకొని పండుకున్నవా?"

"ఔ అత్తమ్మా."

"ఛీ, అంత నలిగింది. పో, మంచిది ఏసుకొని పో" అన్నది.